ఫారం మీద ఆగిన వేలు

వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఈ గంటసేపు ఒక్క ఫారం గురించే మాట్లాడదాం. హోం పేజీ, బ్యానర్లు, రంగులు ఇవాళ వద్దు. స్కాలర్‌షిప్‌కో, ఇన్‌కం సర్టిఫికెట్‌కో, పరీక్ష ఫీజుకో ఒక మనిషి ఫోన్‌లో నింపే మామూలు ఫారం. పేరు, పుట్టినతేదీ, జిల్లా, బ్యాంకు ఖాతా, ఫొటో, ఓటీపీ, సబ్మిట్. అంతే. వాడేవాళ్లను బట్టి సైటు కట్టడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇది చాలు. నింపుతున్న మనిషి వేలు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా మనవాళ్లెవరో తీసుకున్న ఒక నిర్ణయం ఉంటుంది. దాన్ని పట్టుకోవడమే మన పని.

ముందు ఒక మాట తేల్చుకుందాం. క్లయింటు ఇచ్చే కాగితంలో ‘సైటు యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి’ అని ఉంటుంది. ఎవరికి ఫ్రెండ్లీ? వాడుక సౌలభ్యాన్ని ఎలా కొలవాలో చెప్పే ఐఎస్ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణం 1998లో వచ్చింది, 2018లో సవరించారు. అందులో మూడు ‘ఫలానా’లు ఉన్నాయి: ఫలానా మనుషులు, ఫలానా పని, ఫలానా పరిస్థితి. ఆ మూడూ చెప్పాకే పని పూర్తయిందా, ఎంత శ్రమ పడింది, మనసుకు ఎలా ఉంది అని కొలవమంటుంది. ‘బీటెక్ రెండో ఏడాది కుర్రాడు, స్కాలర్‌షిప్ రెన్యువల్, హాస్టల్ వైఫై మీద ల్యాప్‌టాప్’ అనేది ఒక పరిస్థితి. ‘వాళ్లమ్మ, ఇన్‌కం సర్టిఫికెట్, మధ్యాహ్నం ఎండలో తహసీల్దారు ఆఫీసు బయట, అద్దం పగిలిన ఫోన్, సంచిలో కాగితాలు’ అనేది ఇంకొకటి. మొదటిదానికి చక్కగా నడిచిన ఫారం రెండోదాని దగ్గర కూలబడొచ్చు. అందుకని డిజైన్ మొదలుపెట్టే ముందు ఈ మూడు ఫలానాలూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.

ఇప్పుడు ఫారంలోకి పోదాం. మొదటి పని గడులు తీసేయడం. ప్రతి గడి ఎదుటా నాలుగు ప్రశ్నలు రాయండి: ఈ జవాబు ఎవరు చదువుతారు, చదివి ఏం నిర్ణయిస్తారు, తప్పుగా ఇస్తే ఏమవుతుంది, ఇది మన దగ్గర ఇప్పటికే ఉందా. ‘పాత కాగితం ఫారంలో ఉంది కాబట్టి పెట్టాం’ అనేది జవాబు కాదు. తండ్రి వృత్తి, రెండో ఫోన్ నంబరు, ఫ్యాక్స్ లాంటివి ఈ జల్లెడలో రాలిపోతాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అవసరమైనంతే సేకరించమంటుంది. ఈ పట్టిక వేసి పెట్టుకుంటే రేపు క్లయింటు న్యాయవాది అడిగినప్పుడూ పనికొస్తుంది.

రెండోది, మొదటి తెరమీదే ఏ కాగితాలు చేతిలో ఉండాలో చెప్పేయండి. సగం నింపాక రేషన్ కార్డు నంబరు అడిగితే ఆ మనిషి ఇంటికి వెళ్లాలి. వచ్చేసరికి సెషన్ అయిపోతుంది. కాగితాల జాబితా, ఫీజు ఎంత, సుమారుగా ఎంతసేపు పడుతుంది, మధ్యలో ఆపి మళ్లీ రావచ్చా లేదా. ఈ నాలుగు ముక్కలు చాలు. ‘స్వాగతం’, శాఖ చరిత్ర, మంత్రిగారి ఫొటో ఆ తెరమీద అక్కర్లేదు.

పేరు దగ్గరికి వద్దాం. ఇక్కడ ఆగినన్నిసార్లు వేలు ఇంకెక్కడా ఆగదు. ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని రెండు గడులు, రెండూ తప్పనిసరి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. మరి లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరా, చివర రాసే పేరా? ఒకే ఇంట్లో అన్న ఒకరకంగా, తమ్ముడు ఇంకోరకంగా నింపుతారు. దాని పైన, పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. ఆ ఒక్క అక్షరాన్ని గడిలో రాస్తే ‘కనీసం రెండు అక్షరాలు ఉండాలి’ అంటుంది. పక్కన చుక్క పెడితే ‘ప్రత్యేక గుర్తులు వద్దు’ అంటుంది. అసలు ఇంటిపేరే రాయనివాళ్లు తమ పేరునే రెండుసార్లు రాస్తారు, లేదా చుక్క పెట్టి వదిలేస్తారు. డేటాబేస్‌లో చెత్త పేరుకుందని తర్వాత మనమే విసుక్కుంటాం.

మందు సులువైనదే. ‘పూర్తి పేరు’ అని ఒక్క గడి. కింద చిన్న అక్షరాల్లో ‘ఆధార్ కార్డులో ఉన్నట్టే రాయండి’. దేనితో పోల్చి చూస్తారో ఆ కాగితం పేరే అక్కడ రాయాలి. మెమోతో పోలుస్తుంటే మెమో అనాలి. చుక్క, ఖాళీ, అడ్డగీత అన్నిటినీ ఒప్పుకోవాలి. అవతలి సిస్టం రెండు ముక్కలు కావాలని మొండికేస్తే అప్పుడు ‘ఇంటిపేరు’, ‘పేరు’ అని తెలుగులోనే, ఇంటిపేరు ముందుగా అడగండి. ఒక్క అక్షరం ఇచ్చినా తీసుకోండి.

పేరు తెలుగులో రాయించుకుంటుంటే ఇంకో గుంట ఉంది. ‘లక్ష్మి’ ఎన్ని అక్షరాలు? కంటికి రెండు. కంప్యూటర్‌కు ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. హెచ్‌టీఎంఎల్‌లో గడికి పెట్టే గరిష్ఠ పొడవు ఈ ఏడునే లెక్కిస్తుంది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 21. ఎవరో 20 బైట్లకు కాలమ్ కట్టి ఉంటే అందులో లక్ష్మి పట్టదు! బైట్ల లెక్కన కోసేస్తే చివర ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండు మిగులుతుంది. కాబట్టి ఇంగ్లిషు పేర్ల కోసం అనుకున్న పరిమితిని తెలుగుకు అలాగే దించకండి. పేరుకు 200 దాకా వదిలేస్తే కొంపేం మునగదు.

పుట్టినతేదీ. క్యాలెండర్ బొమ్మ పెట్టేస్తాం, రెడీమేడ్‌గా దొరుకుతుంది కాబట్టి. అది ఈ నెలతో తెరుచుకుంటుంది. అరవై ఏళ్ల పెద్దాయన నెలకొక్క నొక్కు చొప్పున వెనక్కి వెళ్లాలంటే 720 నొక్కులు. ఏడాది మీద నొక్కితే వేరే జాబితా వస్తుందని మీకు తెలుసు, ఆయనకు తెలియదు. తెలిసిన తేదీకి క్యాలెండర్ ఎందుకు? రోజు, నెల, సంవత్సరం అని మూడు చిన్న గడులు, అంకెల కీబోర్డు. నెల గడిలో 3 అన్నా, 03 అన్నా, మార్చి అన్నా తీసుకోండి. ఒక గడి నిండగానే కర్సర్ దానంతటదే పక్క గడిలోకి దూకేలా చేయడం తెలివైన పనిలా కనిపిస్తుంది. తప్పు దిద్దుకోవడానికి వెనక్కి వచ్చినవాళ్లను అది మళ్లీ ముందుకు తోసేస్తుంది, తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకు ఏ గడిలో ఉన్నారో తెలియదు. దూకించకండి. క్యాలెండర్‌ను, ఏ తేదీ ఏ వారమో చూసుకోవాల్సిన చోట వాడండి, అపాయింట్‌మెంట్ లాంటి వాటికి. ఇంకోటి: కొందరి ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. రోజు, నెల తప్పనిసరి అంటే వాళ్లు జనవరి 1 అని రాసేస్తారు. ‘సంవత్సరం మాత్రమే తెలుసు’ అనే వీలు ఉంచితే డేటా అబద్ధమాడదు.

జిల్లా. ఇది నాకు చాలా ఇష్టమైన గడి, ఎందుకంటే ఇది ప్రపంచంలోని ఏ డిజైన్ పుస్తకంలోనూ ఉండదు, మనమే చూసుకోవాలి. నెల్లూరు మనిషి జాబితా తెరిచి ‘నె’ దగ్గర వెతుకుతాడు. అక్కడ ఉండదు. ఆ జిల్లా అధికారిక పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు కాబట్టి ‘శ్రీ’ దగ్గర ఉంటుంది. గద్వాల వాళ్లకు జోగులాంబ, సిరిసిల్ల వాళ్లకు రాజన్న, కొత్తగూడెం వాళ్లకు భద్రాద్రి, భూపాలపల్లి వాళ్లకు జయశంకర్ ముందుంటారు. ఇంటి దగ్గర ఎవరూ ఊరిని అలా పిలవరు. కాబట్టి జాబితాకు బదులు, టైపు చేస్తే వచ్చే సూచనలు పెట్టండి, పేరులోని ఏ మాట మొదలు కలిసినా చూపించండి. ‘గద్వా’ అనగానే జోగులాంబ గద్వాల రావాలి. తెలుగులో రాసినా ఇంగ్లిషు అక్షరాల్లో రాసినా రావాలి. వైజాగ్ అంటే విశాఖపట్నం అని, బెజవాడ అన్నా విజయవాడ అన్నా ఎన్టీఆర్ జిల్లా అని సిస్టంకు నేర్పాలి.

టైపు చేయడంలో కనబడని తేడా ఒకటి ఉంది. ‘మహబూబ్‌నగర్’లో పొల్లుకూ నకూ మధ్య యూనికోడ్ 200సి అనే కనిపించని అక్షరం ఉంటుంది, అదే పొల్లును విడిగా నిలబెడుతుంది. అది కొట్టడం తెలియనివాళ్లు రాస్తే నకారం ఒత్తుగా మారి ‘మహబూబ్నగర్’ అవుతుంది. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరు వేరు. పోల్చే ముందు రెండు వైపులా ఆ అక్షరాన్ని తీసేయండి. సున్నా సంగతీ అంతే. తెలుగు అంకె ౦, అనుస్వారం ం చూడ్డానికి కవల పిల్లలు, కోడ్ వేరు. ఒకదాన్ని కొట్టబోయి ఇంకోదాన్ని కొడతారు. మాట మధ్యలో అంకె సున్నా వస్తే దాన్ని అనుస్వారంగా తీసుకోండి.

జిల్లాల్లో చరిత్ర కూడా ఉంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు ఇరవయ్యారు అయ్యాయి. 1985లో జనగామలో పుట్టినవాళ్ల కాగితాల్లో వరంగల్ జిల్లా అని ఉంటుంది. మీ ఫారం ఉత్తినే ‘జిల్లా’ అంటే వాళ్లు ఏది రాయాలి? వేలు అక్కడ ఆగుతుంది. ‘ఇప్పుడు ఉంటున్న జిల్లా’ అనండి, లేదా ‘సర్టిఫికెట్‌లో రాసి ఉన్న జిల్లా’ అనండి, రెండోదానికి పాత పేర్ల జాబితా ఇవ్వండి. పిన్‌కోడ్ ఇస్తే జిల్లా నింపేసే ఏర్పాటు మంచిదే, కానీ పిన్‌కోడ్ పోస్టాఫీసు సరిహద్దు, జిల్లా సరిహద్దు కాదు. మార్చుకునే వీలు ఉండాలి.

అంకెల గడులు గబగబా చూసేద్దాం. ఆధార్ 12 అంకెలు, కార్డు మీద నాలుగేసి చొప్పున విడగొట్టి ఉంటుంది. జనం అలాగే ఖాళీలతో కొడతారు. ఖాళీలు తీసేయడం కోడ్‌లో ఒక్క వరుస, ‘ఖాళీలు వద్దు’ అని మనిషిని మందలించడం దేనికి? ఫోన్ నంబరుకు ముందు 0, 91, +91 ఏది పెట్టినా చివరి పది తీసుకోండి. ఐఎఫ్‌ఎస్‌సీలో 11 గుర్తులు: మొదటి నాలుగు బ్యాంకు, చివరి ఆరు బ్రాంచి, మధ్యలో అయిదోది ఎప్పుడూ సున్నానే. అక్కడ ఇంగ్లిషు ‘ఓ’ కొట్టేవాళ్లు ఎంతమందో. అయిదో చోట ‘ఓ’ వస్తే సున్నాగా మార్చేసి, బ్యాంకు పేరు, బ్రాంచి పేరు కింద చూపించండి. తప్పు ఉంటే వాళ్లే పట్టుకుంటారు. ఈ గడులకు హెచ్‌టీఎంఎల్‌లో ‘నంబర్’ రకం వాడకండి. అది లెక్క వేసే సంఖ్యల కోసం. ఖాతా నంబరు మొదట్లో ఉన్న సున్నాలను మింగేయగలదు, డెస్క్‌టాప్‌లో మౌస్ చక్రం తిరిగితే అంకె మారిపోగలదు. ‘టెక్స్ట్’ రకం పెట్టి, ఇన్‌పుట్‌మోడ్‌కు ‘న్యూమరిక్’ ఇస్తే అంకెల కీబోర్డు వస్తుంది, ఈ జబ్బులు రావు. గడిలో అక్షరం 16 పిక్సెళ్ల కంటే చిన్నగా ఉంటే ఐఫోన్ సఫారీ నొక్కగానే పేజీని పెద్దది చేసేస్తుంది, పక్క గడులు తెర దాటిపోతాయి. అదీ చూసుకోండి.

ఫొటో. ‘20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి’. ఫోన్ కెమెరా తీసేది కొన్ని ఎంబీలు. కేబీ అంటే ఏమిటో తెలియని మనిషి ఏం చేస్తాడు? ఫొటో స్టూడియోకో నెట్ సెంటర్‌కో వెళ్లి డబ్బులిచ్చి చిన్నది చేయించుకుంటాడు, లేదా ఎవరో తెలియనివాళ్ల యాప్‌లోకి తన ఆధార్ కార్డు బొమ్మ ఎక్కిస్తాడు. రెండోది వింటుంటే భయం వేయాలి మీకు. ఇదంతా మన సర్వర్‌లో కాస్త జాగా మిగుల్చుకోవడానికి. పది ఎంబీల దాకా తీసుకుని, బ్రౌజర్‌లోనే కాన్వాస్ మీద గీసి, వెడల్పు తగ్గించి, జేపెగ్‌గా పంపిస్తే పని అయిపోతుంది. డేటా కూడా తక్కువ ఖర్చవుతుంది. ఐఫోన్‌లో ఫొటోలు హెచ్‌ఈఐసీ రకంలో ఉండొచ్చు, దాన్ని కాదనకండి, మార్చుకోండి. ఎక్కిన ఫొటోను వెంటనే చూపించండి, తిప్పుకోవడానికి బటన్ ఇవ్వండి.

ఓటీపీ దగ్గర ఏం జరుగుతుందో చాలామంది డిజైనర్లకు తెలియదు, ఎందుకంటే వాళ్ల ఫోన్లలో మెమరీ ఎక్కువ. మెసేజ్ చూడ్డానికి మనిషి బ్రౌజర్ వదిలి బయటికి వెళ్తాడు. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ జాగా కోసం వెనకాల ఉన్న పేజీని చంపేస్తుంది. తిరిగి వచ్చేసరికి పేజీ మొదటినుంచీ లోడ్ అవుతుంది. ఇరవై గడులు ఖాళీ. ‘సైటు మింగేసింది’ అంటారు. అందుకని ఓటీపీని మొదట్లోనే పెట్టండి, గడులు నిండకముందే. ఆ తర్వాత ప్రతి గడి దాటగానే సర్వర్‌లో డ్రాఫ్ట్‌గా దాచండి. ఆరు అంకెలకు ఆరు విడి గడులు అందంగా ఉంటాయి, అతికించబోతే ఒక్క అంకె పడుతుంది. ఒక్క గడి చాలు. ఆటోకంప్లీట్‌కు ‘వన్-టైమ్-కోడ్’ అని ఇస్తే కొన్ని ఫోన్లలో కీబోర్డు మీదే ఓటీపీ కనిపిస్తుంది, అక్కడ మెసేజ్‌లోకి వెళ్లే పనే ఉండదు. గడువు సంగతి కూడా ఆలోచించండి. ఊళ్లో ఉన్న అమ్మ ఆధార్‌కు హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరు కలిపి ఉంటుంది. ఆమె ఫోన్ చేయాలి, అతను ఎత్తాలి, చదివి చెప్పాలి, ఆమె పక్కనున్నవాళ్లు కొట్టాలి. రెండు నిమిషాల గడువు పెట్టినవాళ్లు ఈ ఇంటిని ఊహించుకోలేదు. భద్రతావాళ్లతో కూర్చుని పది నిమిషాలకు ఒప్పించండి, తప్పు ప్రయత్నాల సంఖ్యకు పరిమితి పెట్టి ఆ ప్రమాదాన్ని కట్టేయండి. సెషన్ గడువుకైతే ప్రమాణమే ఉంది: వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా సైట్లు ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యుసీఏజీ మార్గదర్శకాల ప్రకారం అయిపోయే ముందు హెచ్చరించాలి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా పదిసార్లయినా పొడిగించుకోనివ్వాలి.

ఇప్పుడు తప్పుల సంగతి. ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అనేది మెసేజ్ కాదు, కసురు. ‘ఐఎఫ్‌ఎస్‌సీలో 11 ఉండాలి, మీరు రాసినదాంట్లో 10 ఉన్నాయి. పాస్‌బుక్ మొదటి పేజీలో చూడండి’ అంటే మనిషి దిద్దుకుంటాడు. ఏం తేడా వచ్చింది, ఎలా సరిచేయాలి, ఎక్కడ దొరుకుతుంది. ఈ మెసేజ్ ఎప్పుడు చూపించాలి? ఒక్కో అక్షరం కొడుతుండగా చూపిస్తే మూడో అంకెకే ‘నంబరు తప్పు’ అని ఎర్రబడుతుంది. గడి వదిలాక చూపించండి. చూపించడానికి జాగా ముందే ఉంచండి, లేకపోతే మెసేజ్ దూరి కింది గడులను తోసేస్తుంది, వేలు వేరేచోట పడుతుంది. సబ్మిట్ కొట్టాక తప్పులుంటే పేజీ పైన అన్నీ ఒకచోట చెప్పి, ఒక్కోటి నొక్కితే ఆ గడికే వెళ్లేలా చేయండి. కొట్టినవేవీ చెరిపేయకండి. గడి లోపల లేత బూడిద రంగులో ‘మీ పేరు’ అని రాసి, పైన లేబుల్ తీసేయడం ఫ్యాషన్. టైపు మొదలవగానే అది మాయమవుతుంది, ఎండలో అసలే కనిపించదు. లేబుల్ గడి పైనే ఉండాలి. అక్షరం రంగుకూ వెనక రంగుకూ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కు 1 ఉండాలి.

బటన్ల దగ్గర ఒకే మాట చెప్పి ముందుకు పోతాను: ‘రీసెట్’ బటన్ తీసేయండి. ఇరవై గడులు నింపి ఎవరూ కావాలని చెరుపుకోరు, పొరపాటున తగిలే అది నొక్కుకుంటుంది. సబ్మిట్‌కు మాత్రం వేలు పట్టేంత జాగా ఇవ్వండి. డబ్ల్యుసీఏజీ 2.2 కనీసం 24 పిక్సెళ్లు అంటుంది, ఆండ్రాయిడ్ 48 డీపీ అంటుంది, అంటే తెర మీద సుమారు 7 నుంచి 9 మిల్లీమీటర్లు. రెండో మాటే వినండి.

డబ్బు కట్టే చోట రెండుసార్లు నొక్కడం మామూలే, ఎందుకంటే మొదటి నొక్కుకు ఏమీ కదలలేదు. నొక్కగానే, పదో వంతు సెకనులోపు, బటన్ మారాలి, ‘పంపుతున్నాం’ అనాలి. వెనకాల, చెల్లింపుకు ముందే ఒక అప్లికేషన్ నంబరు పుట్టించి దాన్నే బ్యాంకుకు పంపండి. అదే నంబరుతో రెండోసారి వస్తే కొత్త చెల్లింపు చేయకుండా మొదటిదాని సంగతే చెప్పాలి. ఖాతాలో కోత పడి ఇక్కడ జవాబు రాకపోతే ‘ఫెయిల్’ అనేయకండి, ‘బ్యాంకు జవాబు కోసం చూస్తున్నాం, మళ్లీ కట్టకండి’ అనండి.

తెలుగు అక్షరాల అమరిక గురించి. ఇంగ్లిషుకు అక్షరం సైజుకు 1.2 రెట్లు పెట్టే వరుసల ఎత్తు తెలుగుకు చాలదు, పైన గుడి దీర్ఘాలు, కింద ఒత్తులు ఉంటాయి. 1.6, 1.7 పెట్టండి. గడికి, బటన్‌కు ఎత్తు బిగించేస్తే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ కాళ్లు తెగుతాయి. ఆ రెండు మాటల్ని ప్రతి బటన్‌లోనూ వేసి చూడండి, సరిపోతే ఇంక ఏదైనా సరిపోతుంది. ఇక ఏ మాటలు వాడాలి? ‘ఆదాయ ధ్రువీకరణ పత్రము కొరకు దరఖాస్తును సమర్పించుము’ అనేది ఇంట్లో ఎవరూ అనని తెలుగు. జనం ఇన్‌కం సర్టిఫికెట్ అంటారు, అప్లై చేయాలి అంటారు. వాళ్ల మాట ముందు పెట్టి, కాగితం మీద అచ్చయ్యే మాట పక్కన పెట్టండి. నన్ను అడిగితే ‘సబ్మిట్’ కంటే ‘అప్లికేషన్ పంపండి’ మేలు, నొక్కితే ఏమవుతుందో అందులో ఉంది.

ఇవన్నీ నేను చెప్తే విన్నారు. మీ ఫారంలో వేలు ఎక్కడ ఆగుతుందో నేను చెప్పలేను, పక్కన కూర్చుని చూడాలి. అయిదుగురిని పిలవండి, ఒక్కొక్కరికి నలభై నిమిషాలు, వాళ్ల ఫోన్‌లోనే. మొదటి మాట: ‘పరీక్ష మీకు కాదు, ఈ ఫారానికి.’ పని చెప్పేటప్పుడు బటన్ మీద ఉన్న మాట వాడకండి. ‘ఇన్‌కం సర్టిఫికెట్ మీద నొక్కండి’ అంటే చెప్పేసినట్టే. ‘మీ అబ్బాయి కాలేజీలో ఆదాయం కాగితం అడిగారు, ఎలా తెచ్చుకుంటారు?’ అనండి. మనసులో అనుకునేది పైకి అనమనండి. తర్వాత నోరు కట్టుకోండి. ఇదే కష్టం. ‘ఇప్పుడేం నొక్కాలి బాబూ?’ అని అడుగుతారు. ‘నేను ఇక్కడ లేకపోతే ఏం చేసేవారండీ?’ అనండి. చివర్లో ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగుంది బాబూ’ అంటారు. మనవాళ్ల మర్యాద అది, లెక్కలో వేసుకోకండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్లారు, ఎక్కడ పక్కవాళ్లను చూశారు, ఇవే రాసుకోండి. వాళ్ల సొంత పేరు, సొంత తేదీతోనే నింపనివ్వండి, నకిలీ పేరు ఇస్తే ఇంటిపేరు చిక్కు బయటపడదు. ఆధార్, ఖాతా నంబర్లకు మాత్రం మీరే ఉత్తుత్తివి ఇవ్వండి, అయిపోయాక మొత్తం చెరిపేయండి.

అయిదుగురే ఎందుకు? 1993లో యాకోబ్ నీల్సన్, థామస్ లాండౌర్ అనే పరిశోధకులు వేసిన లెక్క ఇది. సగటున ఒక మనిషి ఉన్న సమస్యల్లో 31 శాతం బయటపెడతాడు. మిగిలేది 0.69. అయిదు 0.69లను ఒకదానితో ఒకటి గుణిస్తే సుమారు 0.16. అంటే సుమారు 84 శాతం దొరికినట్టు. కానీ ఆ 31 సగటు మాత్రమే. పదిమందిలో ఒకరికే తగిలే సమస్య అయిదుగురిలో కనబడే అవకాశం 41 శాతమే. ఒకే అక్షరం ఇంటిపేరు, సంవత్సరం మాత్రమే ఉన్న ఆధార్ ఇలాంటివే. కాబట్టి పదిమందితో ఒకేసారి చేయకుండా, అయిదుగురితో చేసి, దిద్ది, ఇంకో అయిదుగురితో చేయండి. రెండోసారికి పెద్దవయసువాళ్లను, వేరే జిల్లావాళ్లను పిలవండి.

ప్రశ్నలుంటే తీసుకుందాం. చెప్పమ్మా.

[ప్రశ్న: ఒక్కో తెర మీద ఒక్కో ప్రశ్న పెట్టాలా, అన్నీ ఒకే పేజీలో పెట్టాలా?]

ఫోన్‌లో మొదటిసారి నింపే మనిషికి తెరకొక ప్రశ్న మంచిది. తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది, డ్రాఫ్ట్ దాచడం సులువు. బ్రిటన్ ప్రభుత్వ సైట్లు ఈ పద్ధతి మీదే నడుస్తాయి. కానీ మన దగ్గర ఇంకో వాడేమనిషి ఉన్నాడు, మీసేవ కేంద్రంలో ఆపరేటర్. కుర్చీలో ఆయన, ఎదుట కాగితాలు పట్టుకుని అసలు దరఖాస్తుదారు. ఆపరేటర్‌కు ఫారం కంఠతా వచ్చు, చేయి కీబోర్డు వదలదు. తెరకొక ప్రశ్న పెడితే ఆయనకు నరకం. ఆయనకు అన్నీ ఒకే పేజీలో కావాలి, ట్యాబ్ నొక్కితే కాగితంలో ఉన్న వరసలోనే గడులు రావాలి, మౌస్ అవసరం పడకూడదు. ఎదుటివాళ్లకు ఏం కొట్టారో కనబడదు కాబట్టి, పంపే ముందు పేరు, తేదీ, ఖాతా నంబరు పెద్ద అక్షరాల్లో చూపించే తెర ఒకటి ఉండాలి, దాన్ని వాళ్ల వైపు తిప్పడానికి. వెనకాల సిస్టం ఒకటే, ముందు ముఖాలు రెండు కట్టండి. పరీక్షకు కూడా రెండు గుంపులు, విడిగా అయిదేసి మంది.

[ప్రశ్న: సార్, సైటు వాడకం లెక్కలు చూపించే అనలిటిక్స్‌లోనే ఎక్కడ వదిలేస్తున్నారో తెలుస్తుంది కదా, పక్కన కూర్చోవడం దేనికి?]

ఎక్కడ అనేది తెలుస్తుంది. జిల్లా గడి దగ్గర జనం జారిపోతున్నారని చెప్తుంది. ‘నెల్లూరు’ కోసం ‘నె’ దగ్గర వెతికారని చెప్పదు. ముందు అంకెలు చూసి ఏ గడి అనేది పట్టుకోండి, తర్వాత ఆ గడి దగ్గర మనిషిని కూర్చోబెట్టి చూడండి. గడిలోకి వచ్చిన సమయం, వదిలిన సమయం, తప్పు వచ్చిందా లేదా, ఈ మూడూ దాచుకుంటే చాలు. గడిలో ఏం కొట్టారో మాత్రం దాచకండి. తెరను వీడియోలా రికార్డు చేసే పరికరాలు దొరుకుతున్నాయి, వాటిలో ఆధార్, ఖాతా, ఫొటో గడులకు ముసుగు వేయకపోతే జనం వివరాలన్నీ మూడో కంపెనీ సర్వర్‌లో కూర్చుంటాయి.

[ప్రశ్న: క్లయింటు టెస్టింగ్‌కు డబ్బు ఇవ్వకపోతే?]

కాగితం మీద చేయండి. ఒక్కో తెర ఒక్కో ఏ4 మీద పెన్సిల్‌తో గీయండి. ఒకరు కంప్యూటర్ వేషం వేయాలి. ఎదుటి మనిషి వేలితో ఎక్కడ నొక్కితే ఆ తర్వాతి కాగితం తీసి ముందు పెట్టాలి, మాట్లాడకూడదు. మాటల చిక్కులు, వరస చిక్కులు దీంట్లోనే బయటపడతాయి. పట్టేదల్లా ఒక మధ్యాహ్నం, పాతిక కాగితాలు, వచ్చినవాళ్లకు టీ ఖర్చు. కీబోర్డు, ఓటీపీ, ఫొటో ఎక్కడం లాంటివి కాగితం మీద తెలియవు, వాటికి అసలు ఫోనే కావాలి. అదీ చవకైన పాత ఫోన్, నెమ్మది నెట్‌తో.